సముద్రపు దొంగల నుంచి ఓడను, సిబ్బందిని కాపాడుకోవడం ఎలా?

ముందు ఒక చిన్న లెక్క. మీ ఓడ 13 నాట్స్, అంటే గంటకు 13 నాటికల్ మైళ్ల వేగంతో పోతోంది. వెనక ఐదు నాటికల్ మైళ్ల దూరంలో ఒక స్కిఫ్, అంటే ఔట్‌బోర్డ్ మోటారు బిగించిన చిన్న ఫైబర్ పడవ, 25 నాట్స్‌తో తరుముకొస్తోంది. మధ్యనున్న దూరం గంటకు 12 మైళ్ల చొప్పున తరుగుతుంది. అంటే ఆ పడవ మీ పక్కకు చేరడానికి 25 నిమిషాలు. మూడు మైళ్ల దగ్గరికి వచ్చాక గానీ దాన్ని చూడలేదనుకోండి, మీ చేతిలో మిగిలేది పావుగంటే. ఐదు మైళ్ల దగ్గరే పసిగట్టి, వేగాన్ని 16 నాట్స్‌కు పెంచగలిగితే అరగంట దాటుతుంది.

ఓడ భద్రతంతా ఈ నిమిషాల బేరమే. వాణిజ్య నౌక యుద్ధం చేయలేదు, చేయకూడదు కూడా. దొంగ పనిని కష్టం చేయాలి, ఆలస్యం చేయాలి, ఆలోపు సాయం పిలవాలి. కింద చెప్పే ప్రతి ఏర్పాటునూ ఒకే ప్రశ్నతో తూచి చూడండి: ఇది నాకు ఎన్ని నిమిషాలు సంపాదించి పెడుతుంది?

ఇది డెక్ ఆఫీసర్లనూ, కొత్తగా షిప్ ఎక్కబోతున్న క్యాడెట్లనూ దృష్టిలో పెట్టుకుని రాసింది. ఓడలో మనిషి ఉన్న ఇంటివాళ్లకు చివరి భాగం పనికొస్తుంది.

మొదటి అడుగు: వచ్చేది ఎవరో తెలుసుకోండి

అన్ని సముద్రాల్లోనూ దొంగ ఒకేలా ఉండడు. ఒకచోట పనికొచ్చిన ఉపాయం ఇంకోచోట ప్రాణం తీయొచ్చు. కాబట్టి తాళాలూ తీగలూ బిగించే ముందు ఈ పని చేయాలి.

సోమాలియా తీరం, ఏడెన్ గల్ఫ్ వైపు దొంగలకు ఓడా మనుషులూ మొత్తం కావాలి. పెద్ద పడవనో, ముందే పట్టుకున్న ఓడనో తల్లి ఓడగా వాడుకుని తీరానికి వందల మైళ్ల దూరం వస్తారు. అక్కడి నుంచి రెండు మూడు స్కిఫ్‌లు వదులుతారు. చేతిలో ఏకే-47లు, ఆర్పీజీలు (భుజం మీద నుంచి పేల్చే రాకెట్ గ్రెనేడ్లు), కొక్కేల నిచ్చెనలు. 2023 డిసెంబరులో హైజాక్ అయిన రూయెన్ అనే బల్క్ క్యారియర్‌ను అలాగే తల్లి ఓడగా తిప్పారు. 2024 మార్చిలో భారత నౌకాదళం దాదాపు 40 గంటల ఆపరేషన్ తర్వాత 17 మంది సిబ్బందిని విడిపించింది. ఓడ మీదున్న 35 మంది దొంగలూ లొంగిపోయారు. సోమాలియా పని అయిపోయిందనుకుని ఓనర్లు గార్డులను తగ్గించి, తీగ చుట్టలను స్టోర్‌లో పడేసిన కాలంలోనే ఇదంతా జరిగిందన్నది గుర్తుంచుకోండి.

పశ్చిమాఫ్రికాలోని గినీ గల్ఫ్‌లో సరుకు కన్నా మనిషికే వెల ఎక్కువ. ఓడ ఎక్కి నలుగురైదుగురిని, కొన్నిసార్లు పదిహేను మందిని ఎత్తుకుపోయి, తీరంలోని మడ అడవుల్లో దాచి డబ్బు అడుగుతారు. ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో లెక్క ప్రకారం 2020లో ప్రపంచమంతటా కిడ్నాపైన 135 మంది నావికుల్లో 130 మంది అక్కడే దొరికిపోయారు. అక్కడి దొంగలు కాల్పులకు వెనకాడరు.

సింగపూర్ జలసంధిలో కథ వేరు. అక్కడిది ఎక్కువగా అర్ధరాత్రి దొంగతనం. వెనక వైపు నుంచి పాక్కుంటూ ఎక్కి, ఇంజిన్ రూమ్‌లోకి దిగి, స్పేర్ పార్టులు సంచిలో వేసుకుని దిగిపోతారు. కనపడితే చాలాసార్లు పారిపోతారు, కానీ కత్తో తుపాకో ఉండొచ్చు. అడ్డం పడి వీరత్వం చూపించేంత విలువ ఏ ఇంజెక్టరుకూ లేదు.

ఎర్ర సముద్రానిది మరో రకం. 2023 నవంబరు 19న గెలాక్సీ లీడర్ అనే కార్ల ఓడ మీద యెమెన్‌లోని సాయుధ వర్గమైన హౌతీలు హెలికాప్టర్ నుంచి దిగారు. అందులోని 25 మంది 2025 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ తర్వాత వచ్చినవి క్షిపణులు, డ్రోన్లు, పేలుడు పదార్థాలు నింపిన రిమోట్ పడవలు. అవి మీ ముళ్ల తీగను చూసి ఆగవు. అలాంటి ముప్పుకు నిజమైన రక్షణ దారి మార్చుకోవడమే. ఎన్నో కంపెనీలు ఆఫ్రికా కొనను చుట్టి గుడ్‌హోప్ అగ్రం మీదుగా పోయింది అందుకే.

చట్టం గురించి ఒక్క మాట. ఏ దేశానికైనా తీరం నుంచి 12 మైళ్ల ప్రాదేశిక జలాల లోపల జరిగితే దాన్ని సాయుధ దోపిడీ అంటారు, బయట జరిగితే పైరసీ. ఎవరి పోలీసులు రావాలి, విదేశీ యుద్ధనౌక అడుగు పెట్టవచ్చా లేదా అన్నది ఆ గీతను బట్టి తేలుతుంది.

రెండో అడుగు: బయలుదేరే ముందు కాగితం మీద కసరత్తు

ఓడలు, రేవుల భద్రతకు అంతర్జాతీయ నియమావళి అయిన ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కంపెనీలో ఒక సెక్యూరిటీ ఆఫీసర్, ఓడలో ఒక సెక్యూరిటీ ఆఫీసర్, ఓడకంటూ ఆమోదం పొందిన భద్రతా ప్రణాళిక ఉండాలి. మూడు స్థాయిలుంటాయి: ఒకటి మామూలు, రెండు ముప్పు పెరిగినప్పుడు, మూడు దాడి ముంచుకొచ్చినప్పుడు. ఇవన్నీ ప్రతి ఓడలోనూ ఉంటాయి. అయితే చాలాచోట్ల ఆడిట్ కోసం అల్మారాలో ఉంటాయి. ప్రణాళికను మీ ప్రయాణానికి తగ్గట్టు తిరగరాసుకోకపోతే అది ఉన్నా లేనట్టే.

ఆ అంచనాలో నాలుగు సంగతులు నిజాయితీగా రాయండి. లోడుతో ఉన్నప్పుడు ఓడ నిజంగా ఎంత వేగం తీయగలదు? డెక్ అంచు నీటికి ఎంత ఎత్తులో ఉంటుంది? రాత్రి వాచ్‌కు అదనంగా ఎంతమందిని నిలబెట్టగలం? వెళ్లే నెలలో సముద్రం ఎలా ఉంటుంది? వేగం తక్కువ, సరుకు బరువుకు డెక్ నీటి దగ్గరగా, సముద్రం నున్నగా ఉంటే దొంగకు అంతకన్నా కావలసింది లేదు. నౌకా సంస్థలు కలిసి తెచ్చిన బీఎంపీ మార్గదర్శకాలు 18 నాట్స్‌కు మించి పోతున్న ఓడను సోమాలీ దొంగలు ఎక్కిన సంఘటన నమోదు కాలేదని చెబుతాయి. నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు స్కిఫ్‌లు పెద్దగా బయటికి రావు. గాలి తగ్గగానే వస్తాయి.

తర్వాత రిపోర్టింగ్. హిందూ మహాసముద్రం, ఎర్ర సముద్రం వైపు వెళ్తుంటే యూరోపియన్ యూనియన్ నౌకాదళం నడిపే భద్రతా కేంద్రంలో ఓడను నమోదు చేయించి, బ్రిటన్ నౌకాదళం నడిపే సమాచార కేంద్రమైన యూకేఎంటీఓకు ఆ ప్రాంతంలో ప్రవేశించగానే తొలి రిపోర్టు, ఆపై రోజూ ఒకటి, బయటపడ్డాక చివరిది పంపాలి. గినీ గల్ఫ్‌కు ఎండాట్-జీఓజీ అనే రిపోర్టింగ్ కేంద్రం ఉంది, ఆసియా జలాలకు సింగపూర్‌లోని రీక్యాప్ కేంద్రం. ఇంటర్నేషనల్ మారిటైమ్ బ్యూరో పైరసీ కేంద్రం కౌలాలంపూర్‌లో 24 గంటలూ పనిచేస్తుంది. ఈ ఫోన్ నంబర్లన్నీ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బ్రిడ్జ్‌లోనూ (ఓడను నడిపే గది), సిటడెల్‌లోనూ (దాడిలో సిబ్బంది దాక్కునే గట్టి గది) అతికించండి. గుండె దడదడలాడుతున్నప్పుడు ఫైళ్లు తిరగేయడం ఎవరి వల్లా కాదు. మీరెక్కడున్నారో ముందే తెలిసిన వాచ్ ఆఫీసరుకు ఒక్క వాక్యం చాలు. తెలియనివాడికైతే మీ కథంతా మొదటి నుంచి చెప్పాలి. అక్కడా పోయేది నిమిషాలే.

ఏడెన్ గల్ఫ్‌లో తూర్పుకూ పడమరకూ ఐదేసి మైళ్ల వెడల్పుతో, నడుమ రెండు మైళ్ల ఖాళీతో ఒక సిఫారసు చేసిన దారి ఉంది. దాన్నే వాడండి. యుద్ధనౌకలు కాపు కాసేది ఆ దారినే.

ఇక్కడే సిబ్బందికి తమ హక్కు కూడా చెప్పాలి. నావికుల సంఘాలూ యజమానులూ కలిసి ఐబీఎఫ్ వేదిక మీద యుద్ధ తరహా ప్రాంతాలుగా ప్రకటించిన చోట్లకు, ఆ ఒప్పందం వర్తించే ఓడల్లో పనిచేసే నావికుడు రానని చెప్పవచ్చు. కంపెనీ ఖర్చుతోనే ఇంటికి పంపాలి. చాలామంది కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలిసినా నోరు తెరవరు.

మూడో అడుగు: ఎక్కడానికి వీల్లేకుండా చేయండి

నిచ్చెన కొక్కెం డెక్ అంచున తగిలేదాకా దొంగ బయటివాడే. మీ శ్రమలో ఎక్కువ భాగం ఆ అంచు దగ్గరే పెట్టండి.

రేజర్ వైర్ చుట్టలు మొదటి కంచె. 730 లేదా 980 మిల్లీమీటర్ల వ్యాసమున్న, గట్టి ఉక్కుతో చేసినవే తీసుకోండి. నాసిరకం తీగను కొక్కెం పెట్టి ఒక్క గుంజు గుంజితే ఊడొస్తుంది. ఒక వరస సరిపోదు. కింద రెండు, పైన ఒకటి పేరిస్తే దాటడం నరకం. రెయిలింగ్‌కు వెలుపలికి పొడుచుకొచ్చేట్టు కట్టి, మధ్యమధ్య వైరు తాడుతో ఓడకు బిగించాలి. కట్టేటప్పుడు చేతికి మందపాటి తోలు గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. దొంగ కన్నా ముందు బోసన్, అంటే డెక్ పనివాళ్ల మేస్త్రీ, చేతులు కోసుకోవడం చాలా ఓడల్లో జరిగేదే. వెనక వైపు, అంటే పూప్ డెక్ దగ్గర, ఒక్క అడుగు కూడా ఖాళీ వదలకండి. స్కిఫ్‌లు ఎక్కువగా అటు నుంచే వస్తాయి.

తర్వాత నీళ్లు. ఫైర్ హోస్‌లను రెయిలింగ్‌కు గట్టిగా కట్టి, నాజిల్‌ను డెక్ అంచు కిందికి చూసేట్టు పెట్టండి. మనిషి పట్టుకుని నిలబడకూడదు, తూటాకు ఎదురు నిలబెట్టినట్టే అవుతుంది. ఒకేసారి ఎన్ని హోస్‌లకు పంపు ఒత్తిడి సరిపోతుందో ముందే పరీక్షించండి. పది హోస్‌లు తెరిస్తే పదింట్లోనూ నీరు నీరసంగా కారే ఓడలున్నాయి. స్కిఫ్‌లోకి నీరు నిండితే వాళ్లకు పడవ నిలుపుకోవడమే పని.

ఆపై తలుపులు. బయటి నుంచి అకామడేషన్‌లోకి (సిబ్బంది ఉండే గదులు), బ్రిడ్జ్‌లోకి, ఇంజిన్ రూమ్‌లోకి పోయే దారులన్నీ లెక్కపెట్టి, వాడేది ఒకటే ఉంచి మిగతావి లోపలి నుంచి బిగించండి. కానీ అగ్ని ప్రమాదంలో బయటపడే దారి ఏదైనా లోపలివాడు తాళంచెవి లేకుండా తీయగలగాలి. దొంగకు మూసి మనకూ మూసేస్తే ఏం లాభం? బయటి మెట్ల నిచ్చెనలు పైకి ఎత్తేయండి. డెక్ మీద గ్యాస్ సిలిండర్లు, గొడ్డళ్లు, కటింగ్ టార్చులు కనపడకూడదు. తలుపు పగలగొట్టే సామాను మన స్టోర్ నుంచే అందించడమంత సిగ్గు ఇంకోటి లేదు. లంగరు వేసి ఉన్నప్పుడైతే గొలుసు దిగే హాస్ పైపుకు మూత బిగించి, గొలుసు మీద నీరు వదలండి. పాకి ఎక్కేవాడికి అదే నిచ్చెన.

బ్రిడ్జ్ అద్దాలకు పగిలినా ముక్కలు ఎగరని ఫిల్మ్, బ్రిడ్జ్‌కు రెండు పక్కలా ఉండే రెక్కల వెనక ఇసుక బస్తాలు, ఆర్పీజీ వచ్చే వైపు గొలుసు జాలీ ఉంటే మంచిది. పాత బాయిలర్ సూట్లలో గుడ్డలు కుక్కి రెయిలింగ్ దగ్గర నిలబెట్టిన బొమ్మలు చూస్తే నవ్వొస్తుంది గానీ, దూరం నుంచి బైనాక్యులర్‌లో చూసేవాడికి అవి కాపలా మనుషులే.

నాలుగో అడుగు: కళ్లు

ఇన్ని చేసినా మొదట చూసేవాడే ఓడను కాపాడతాడు. ముప్పున్న ప్రాంతంలో అదనపు లుకౌట్లు పెట్టండి, వాచ్ చిన్నదిగా ఉంచండి. అలసిన కన్ను నీటి మీద నీడను కూడా పడవనుకుంటుంది, లేదా పడవను నీడనుకుంటుంది. వెనక వైపుకు ప్రత్యేకంగా ఒకరు ఉండాలి, ఎందుకంటే చాలా ఓడల రాడార్‌కు అక్కడ గుడ్డి ప్రదేశం ఉంటుంది. తెల్లవారుజామూ సంధ్యవేళా మరీ జాగ్రత్త. రాత్రి డెక్ లైట్లు ఆర్పినా నావిగేషన్ లైట్లు మాత్రం వెలగాలి.

చేపల పడవకూ దొంగ పడవకూ తేడా నేర్పండి. వలలు, ఐస్ పెట్టెలు, నెమ్మదైన పోక ఉంటే మత్స్యకారులు. చిన్న పడవకు ఎక్కువ మంది, పొడవైన నిచ్చెన, వలలు లేవు, నేరుగా మీ వైపే అదే వేగంతో వస్తోంది అంటే అనుమానించాల్సిందే. మత్స్యకారులు వలను కాపాడుకోవడానికి కూడా ఓడకు అడ్డంగా వేగంగా వస్తారు, చేతులు ఊపుతారు. ఆ చేయి ఊపడం బెదిరింపు కాదు.

ఐదో అడుగు: సిటడెల్

దొంగలు డెక్ మీదికి వచ్చేశారు. ఇప్పుడు సిబ్బంది అంతా ఒక గట్టి గదిలోకి వెళ్లి తాళం వేసుకుంటారు. దాన్నే సిటడెల్ అంటారు. వినడానికి సులువు. కానీ ఇది సరిగ్గా చేస్తే కోట, తప్పు చేస్తే బోను.

2011 అక్టోబరులో మోంటెక్రిస్టో అనే ఇటలీ ఓడలో 23 మంది లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. దొంగలు కమ్యూనికేషన్లు తెంపేశారు. లోపలివాళ్లు ఒక సీసాలో చీటీ పెట్టి, మెరిసే లైటు కట్టి, పోర్ట్‌హోల్ నుంచి నీళ్లలోకి విసిరారు. అది యుద్ధనౌకకు దొరికింది. తామంతా లోపల క్షేమంగా ఉన్నామని అందులో రాశారు. దాంతో సైనికులు ధైర్యంగా ఎక్కి విడిపించారు. అదే ఏడాది జనవరిలో బెలుగా నామినేషన్ సిబ్బంది కూడా అలాగే దాక్కున్నారు. సాయం సమయానికి రాలేదు. సుమారు రెండు రోజుల తర్వాత దొంగలు గదిని ఛేదించారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. 2021 జనవరిలో గినీ గల్ఫ్‌లో మోజార్ట్ సిటడెల్‌ను గంటల తరబడి కొట్టి పగలగొట్టారు. ఒక ఇంజినీరు చనిపోయాడు, 15 మందిని ఎత్తుకుపోయారు.

నౌకాదళాలు ఓడ ఎక్కి విడిపించడానికి మూడు విషయాలు చూస్తాయి. ఒకటి, సిబ్బందిలో ప్రతి ఒక్కరూ లోపల ఉండాలి. ఒక్కడు బయట మిగిలినా వాడే బందీ. రెండు, లోపలి నుంచి బయటి ప్రపంచంతో రెండు వైపులా మాట్లాడగల, ఓడ కరెంటు మీద ఆధారపడని సాధనం ఉండాలి. మూడు, ఇంజిన్‌ను దొంగలు నడపలేకుండా చేసి ఉండాలి. 2009 ఏప్రిల్‌లో మెర్స్క్ అలబామా సిబ్బంది కింద నుంచి పవర్ ఆపేసి ఓడను చీకట్లో నిలబెట్టేశారు. దొంగలకు ఓడ దక్కినా నడపడం చేతకాలేదు, చివరికి కెప్టెన్‌ను లైఫ్‌బోట్‌లో తీసుకుని దిగిపోయారు.

అందుకే శాటిలైట్ ఫోన్ యాంటెన్నా దొంగల చేతికి అందని చోట ఉండాలి. లోపల మూడు నాలుగు రోజులకు సరిపడా నీళ్లు, తిండి, మందులు, టార్చులు, చార్జ్ అయిన వీహెచ్ఎఫ్ రేడియోలు, మరుగుకు ఏర్పాటు, సిబ్బంది జాబితా పెట్టండి. ఇంజిన్ రూమ్‌లో సిటడెల్ అయితే, ఆ గదిలోకి కార్బన్ డయాక్సైడ్ వదిలే ఫైర్ సిస్టమ్ కంట్రోళ్లు బయటివాడికి అందకుండా చూసుకోండి. అది మరిచిపోతే మిగతాదంతా వృథా. 2024 జనవరిలో లీలా నార్ఫోక్ ఓడలో 21 మంది, వాళ్లలో 15 మంది భారతీయులు, లోపలి నుంచి మాట్లాడుతూ ఉండగలిగారు కాబట్టే ఐఎన్ఎస్ చెన్నై మీది మార్కోస్ కమాండోలు ఓడంతా గాలించి అందరినీ క్షేమంగా బయటికి తేగలిగారు.

ఇంకో హెచ్చరిక. దొంగల నుంచి దాక్కోవడానికి మంచి కోటైన కింది గది, పేలుడు పడవ వచ్చినప్పుడు సమాధి కావచ్చు. 2024 జూన్‌లో ట్యూటర్ అనే ఓడను రిమోట్ పడవ వెనక భాగంలో గుద్దింది. ఇంజిన్ రూమ్‌లోకి నీళ్లు వచ్చాయి, ఒక నావికుడు దక్కలేదు, చివరికి ఓడ మునిగింది. క్షిపణులు, రిమోట్ పడవల ముప్పున్న చోట గుమిగూడే స్థలం నీటిమట్టానికి పైన, ఓడ మధ్యభాగంలో ఉండాలి. రెండు ముప్పులకు రెండు చోట్లు, రెండు వేర్వేరు అలారం సంకేతాలు, రెండింటికీ డ్రిల్.

ఆరో అడుగు: తుపాకీ గార్డులు కావాలా?

కంపెనీ నిర్ణయం ఇది, కానీ బాధ్యత కెప్టెన్ మెడకూ చుట్టుకుంటుంది. జెండా దేశం (ఓడ రిజిస్టరైన దేశం) ఒప్పుకోవాలి, దారిలోని రేవు దేశాలు ఒప్పుకోవాలి, గార్డుల కంపెనీకి ఐఎస్ఓ 28007 (ఓడల సాయుధ గార్డుల కంపెనీలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉందో లేదో చూడాలి. నైజీరియా జలాల్లో విదేశీ ప్రైవేటు గార్డులకు చోటు లేదు. కాల్పులకు ముందు హెచ్చరిక, ఆ తర్వాతే తప్పనిసరైతే బలం అన్న నియమాలు కాగితం మీద సంతకాలతో ఉండాలి.

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఆవల ఎన్రికా లెక్సీ ట్యాంకర్ మీదున్న ఇటలీ నౌకాదళ సైనికులు ఒక చేపల పడవ మీద కాల్చారు. ఇద్దరు భారతీయ మత్స్యకారులు చనిపోయారు. రెండు దేశాల మధ్య ఆ కేసు అంతర్జాతీయ ట్రిబ్యునల్ దాకా పోయి, 2021లో పది కోట్ల రూపాయల పరిహారంతో ఇక్కడ ముగిసింది. తుపాకీ పట్టినవాళ్లు శిక్షణ పొందిన సైనికులే. నాలుగో అడుగులో పడవల తేడా గురించి అంత పట్టుపట్టడానికి కారణం ఇదే.

ఏడో అడుగు: వాళ్లు వస్తున్నారు

ఇక్కడ ఆలోచనకు తావు లేదు, చేతులు వాటంతట అవే కదలాలి. వరస ఇలా ఉంటుంది.

1. వేగం పెంచండి. సూటిగా పోతూ స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పండి. పెద్ద మలుపు తిప్పితే వేగం పడిపోతుంది, అదే వాళ్లకు కావాలి.
2. అలారం మోగించండి. డెక్ మీదున్నవాళ్లంతా లోపలికి. వాళ్లను లెక్కపెట్టే మనిషి ఒకరే ఉండాలి.
3. ఎస్ఎస్ఏఎస్, అంటే ఓడ భద్రతా అలారం బటన్ నొక్కండి. అది చడీచప్పుడు లేకుండా కంపెనీకీ జెండా దేశానికీ కబురు పంపుతుంది. దగ్గర్లోని ఓడలకు మాత్రం తెలియదు, అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి.
4. యూకేఎంటీఓకు గానీ ఆ ప్రాంతపు కేంద్రానికి గానీ ఫోన్ చేయండి. వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో, డీఎస్సీలో (బటన్‌తో ఆపద కబురు పంపే రేడియో పద్ధతి) డిస్ట్రెస్ ఇవ్వండి. ఓడ ఎక్కడుందో చుట్టుపక్కలకు తెలిపే ఏఐఎస్ ఆపి ఉంటే ఆన్ చేయండి.
5. హోస్‌లు తెరవండి, హారన్ మోగిస్తూ ఉండండి. మిమ్మల్ని చూశాం అని వాళ్లకు తెలియడమే సగం రక్షణ.
6. ఎక్కేశారని తేలిన క్షణంలో ఇంజిన్ ఆపి సిటడెల్‌లోకి వెళ్లండి. ఓడకు బ్లాక్ బాక్స్ లాంటి వాయేజ్ డేటా రికార్డర్‌లో సేవ్ నొక్కడం మరవకండి.

ఈ వరసను ప్రమాదకర ప్రాంతంలోకి వెళ్లకముందే పగలు ఒకసారి, రాత్రి ఒకసారి స్టాప్‌వాచ్ పట్టుకుని చేయించండి. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది. మూడోసారికి సగమవుతుంది. కుక్‌నీ, కొత్త క్యాడెట్‌నీ మరవకండి, ఎప్పుడూ తప్పిపోయేది వాళ్లే.

ఎనిమిదో అడుగు: దొరికిపోతే

చేతులు కనపడేట్టు ఉంచండి, ఎదురు తిరగకండి. మొదటి గంటల్లో దొంగకు కూడా భయమే, వేలు ట్రిగ్గర్ మీదే ఉంటుంది. బేరం మీ పని కాదు, కంపెనీదే. తర్వాత వచ్చేది విసుగు, ఆకలి, నిరాశ. 2010లో చిక్కిన ఐస్‌బర్గ్ 1 సిబ్బందికి దాదాపు వెయ్యి రోజులు పట్టింది. రోజుకో పద్ధతి పెట్టుకోండి: స్నానం, నడక, ప్రార్థన, లెక్కలు, ఏదైనా సరే. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండండి.

సైనికులు వచ్చినప్పుడు నేల మీద బోర్లా పడుకుని చేతులు తల మీద పెట్టుకోండి. కెమెరా ఫ్లాష్ వద్దు, చేతిలో ఏదీ వద్దు. చీకట్లో వాళ్లకు మీరూ దొంగలూ ఒకేలా కనిపిస్తారు. మీరెవరో తేలేదాకా కట్టేసినా ఓర్చుకోండి.

తొమ్మిదో అడుగు: తర్వాత, ఒడ్డున

ఓడ ఇప్పుడు నేరస్థలం. తూటా గుర్తులు, నిచ్చెన, వదిలేసిన చెప్పు కూడా ముట్టుకోకుండా ఫొటోలు తీయండి. ప్రతి ఒక్కరూ తాము చూసింది మరొకరితో చర్చించకముందే రాసిపెట్టాలి.

జీతం సంగతి. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్‌కు 2018లో చేసిన సవరణలు 2020 డిసెంబరు 26 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పైరసీలో బందీగా ఉన్నంతకాలం, కాంట్రాక్టు గడువు దాటినా, నావికుడి జీతమూ ఇంటికి పంపే సొమ్మూ ఆగకూడదు. కంపెనీ నోరు మెదపకపోతే ఇంటివాళ్లు ఈ మాటే చెప్పి అడగండి.

ఇంటి దగ్గర కంపెనీతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉంటే మేలు. ఫొటోలు, పేర్లు, డబ్బు ప్రస్తావన సోషల్ మీడియాలో పెట్టకండి. దొంగలూ వాటిని చూస్తారు, బేరం పెరుగుతుంది. మనిషి తిరిగొచ్చాక మొదటి వారం పండగలా ఉంటుంది. నిద్ర పట్టకపోవడం, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం నెలల తర్వాత మొదలు కావచ్చు. మళ్లీ షిప్ ఎప్పుడు ఎక్కుతావని అడగడం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నావికుల కోసం, వాళ్ల కుటుంబాల కోసం ఐస్వాన్ అనే సంస్థ సీఫేరర్‌హెల్ప్ పేరుతో 24 గంటల ఉచిత సహాయ సేవ నడుపుతోంది. ఓడ ఎక్కే రోజే ఆ నంబరు ఇంట్లో గోడ మీద రాసిపెట్టి వెళ్లండి.